బయట కుండపోత వాన, బండిలో కొలిచిన నీళ్లు: న్యూజిలాండ్ వాన అడవుల్లో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో నైరుతి మూలన ఉన్న మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి 6 వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మన హైదరాబాద్‌లో కురిసేది సుమారు 800. అంటే ఇక్కడ ఏడెనిమిదేళ్లలో పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడిపోతుంది. అదే చోటికి క్యాంపర్‌వ్యాన్‌లో వెళ్లే కుటుంబం మాత్రం వంటకు, వుజూకు, గిన్నెలకు, టాయిలెట్‌కు కలిపి ఒక్క ట్యాంకు నీళ్లతో సర్దుకోవాలి. నలుగురైదుగురు పడుకునే పెద్ద బండిలోనూ ఆ ట్యాంకు వంద లీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. బయట లెక్కలేనన్ని నీళ్లు, లోపల లెక్కపెట్టి వాడుకోవాల్సిన నీళ్లు. ఈ ప్రయాణం గురించి తెలుసుకోవాల్సినవన్నీ దాదాపు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఆక్లాండ్‌లోనో, సిడ్నీలోనో, మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి అమ్మీ, అబ్బా విజిటింగ్ వీసా మీద వెళ్లినప్పుడు అనుకునే ప్రయాణాల్లో ఇదొకటి. క్యాంపర్‌వ్యాన్ అంటే చక్రాల మీది చిన్న ఇల్లు. పడకలు, గ్యాస్ పొయ్యి, సింకు, బుల్లి ఫ్రిజ్, చాలావాటిలో టాయిలెట్ కూడా ఉంటాయి. హోటల్ గది వెతుక్కోనక్కర్లేదు, మన వంట మనం వండుకోవచ్చు, నమాజ్ వేళకు ఎక్కడంటే అక్కడ బండి ఆపుకోవచ్చు. మన కుటుంబాలకు సరిగ్గా సరిపోయే ఏర్పాటులా కనిపిస్తుంది. చాలావరకు సరిపోతుంది కూడా, కొన్ని సంగతులు ముందే తెలిస్తే.

కొండకు అటు ఒక లోకం, ఇటు ఒక లోకం

ముందు ఆ వాన ఎందుకంత పడుతుందో చూద్దాం. దక్షిణ దీవికి వెన్నెముకలా సదరన్ ఆల్ప్స్ అనే కొండల వరస సుమారు 500 కిలోమీటర్లు సాగుతుంది. అందులో అతి ఎత్తైన శిఖరం అవొరాకి, మరో పేరు మౌంట్ కుక్, 3,724 మీటర్లు. పడమటి నుంచి వీచే గాలులు టాస్మన్ సముద్రం మీదుగా తేమను మోసుకొస్తాయి. తీరం దాటీ దాటగానే ఈ కొండ గోడ అడ్డొస్తుంది. గాలి పైకి ఎక్కక తప్పదు. పైకి ఎక్కిన గాలి చల్లబడుతుంది, చల్లబడితే తేమను మోయలేదు, అక్కడికక్కడే కుమ్మరించేస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేసరికి అది పిండేసి ఆరేసిన బట్ట. అదే గాలి క్రైస్ట్‌చర్చ్‌లో పొడిగా, ఒక్కోసారి వేడిగా కూడా వీస్తుంది.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. తూర్పు తీరంలోని క్రైస్ట్‌చర్చ్‌లో ఏడాది వాన సుమారు 600 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురానికి దగ్గర దగ్గర. అక్కడి నుంచి బండిలో ఒక పూట, సుమారు 250 కిలోమీటర్లు వెళ్తే వచ్చే పడమటి తీరపు ఊరు హోకిటికాలో దాదాపు 2,900. ఆ ఊరికి పైన కొండల్లో పారే క్రాప్ నది దగ్గర సగటున 11 వేలు! చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్న చిరపుంజికి సాటి. కాకపోతే చిరపుంజిలో వాన ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నెలల్లోనే పడుతుంది. న్యూజిలాండ్ పడమటి తీరానికి ఎండాకాలం, వానాకాలం అన్న విభజనే లేదు, ఏ నెలలోనైనా పడొచ్చు. అందుకే ‘వానలు తగ్గాక వెళ్దాం’ అన్న మన లెక్క అక్కడ పనిచేయదు.

క్రైస్ట్‌చర్చ్ నుంచి పడమటికి వెళ్లే 73వ నంబరు హైవే ఆర్థర్స్ పాస్ అనే కనుమ మీదుగా పోతుంది. కనుమ ఎత్తు 920 మీటర్లు. తూర్పు వైపు ఎక్కేటప్పుడు చిన్న ఆకుల బీచ్ చెట్లు కనిపిస్తాయి. కనుమ దాటగానే 1999లో కట్టిన 440 మీటర్ల ఒటీరా వంతెన మీదుగా దారి నిటారుగా కిందికి దిగుతుంది. కొద్ది కిలోమీటర్లలోనే అడవి రంగు మారిపోతుంది. చెట్ల మీద చెట్లు, కొమ్మల నిండా నాచు, కింద మనిషెత్తు ఫెర్న్‌లు. వేసవిలో, అంటే డిసెంబర్, జనవరిల్లో, రాటా చెట్లు ఎర్రగా పూస్తాయి.

చలిలో పెరిగే వాన అడవి

వాన అడవి అనగానే మనకు కేరళో, అమెజానో గుర్తొస్తుంది. ఉక్కపోత, పాములు, జలగలు. ఇది అలాంటిది కాదు. సమశీతోష్ణ వాన అడవి అంటే వాన విపరీతంగా ఉండి, వేడి మాత్రం లేని చోట పెరిగే అడవి. ప్రపంచంలో ఇలాంటివి తక్కువ. దక్షిణ చిలీ, అమెరికా, కెనడాల పసిఫిక్ తీరం, టాస్మేనియా, జపాన్‌లో కొంత భాగం, నార్వే, స్కాట్లాండ్ తీరాల్లో కొన్ని ముక్కలు. చాలావాటిలో కథ ఒకటే: సముద్రం దగ్గర, కొండ అడ్డం, పడమటి గాలి.

చలి వల్ల ఇక్కడ ఏదీ తొందరగా కుళ్లదు. పడిపోయిన మాను ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాని మీద నాచు పడుతుంది, ఆ నాచులో విత్తనాలు మొలుస్తాయి, కొత్త చెట్టు పాత చెట్టు మీదే పెరుగుతుంది. ఎడతెగని వాన మట్టిలోని సారాన్ని కడిగేస్తూ ఉంటుంది కాబట్టి పచ్చగా కనిపించే ఈ నేల నిజానికి పేద నేల. ఆకులలములు నానిన నీళ్లు వాగుల్లోకి దిగితే వాగు డికాక్షన్ రంగులో పారుతుంది. అది మురికి కాదు. పక్కనే మరో నది పాలు కలిపినట్టు నీలంగా పారుతుంటే, అది హిమానీనదం రాళ్లను అరగదీసి పంపిన పిండి. పిల్లలకు చూపించాల్సిన వింతల్లో ఈ రెండు రంగుల నీళ్లు మొదటివి.

చెట్లలో ముఖ్యమైనవి రిము, కహికటియా. కహికటియా 60 మీటర్ల దాకా పెరుగుతుంది. రిము చాలా నెమ్మదిగా పెరిగి వందల ఏళ్లు బతుకుతుంది. ఈ రెండూ పోడోకార్ప్ అనే పాత వంశానికి చెందినవి. ఆ వంశపు చెట్టు ఒకటి మన పశ్చిమ కనుమల్లోనూ ఉంది. ఎక్కడి న్యూజిలాండ్, ఎక్కడి పశ్చిమ కనుమలు? ఒకప్పుడు ఇండియా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా అన్నీ ఒకే ఖండంగా ఉండేవని భూగర్భ శాస్త్రం చెబుతుంది. న్యూజిలాండ్ ఆ ముద్ద నుంచి విడిపోయి సుమారు 8 కోట్ల ఏళ్లయింది. ఆ పాత ఖండం పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్‌లోనూ ఉండే గోండుల పేరు మీద, మధ్య భారతంలోని వాళ్ల సీమకు ఉన్న పేరది. న్యూజిలాండ్ బడి పిల్లలు సైన్సు పాఠంలో పలికే మాటలో గోండులున్నారన్న సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఇంకో విచిత్రం ఉంది. పడమటి తీరంలో తారామకావ్ నది నుంచి పారింగా నది దాకా బీచ్ చెట్లు దాదాపు కనిపించవు. రెండు పక్కలా ఉన్న చెట్టు మధ్యలో మాయమవుతుంది. హిమయుగంలో మంచు ఆ భాగాన్ని ఊడ్చేసిందని, బీచ్ విత్తనం చాలా నిదానంగా పాకుతుంది కాబట్టి వేల ఏళ్లయినా ఇంకా తిరిగి చేరలేదని ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెబుతారు.

ఈ అడవి ఇవాళ నిలిచి ఉండటం దానంతటదే జరగలేదు. ఒకప్పుడు పడమటి తీరానికి కలప కోతే బతుకుతెరువు. 1977లో దేశీయ అడవులను నరకవద్దంటూ 3 లక్షల 41 వేల మంది సంతకాలు చేసిన వినతిపత్రం పార్లమెంటుకు చేరింది. అప్పటికి ఆ దేశ జనాభా 30 లక్షల పైచిలుకు మాత్రమే. 1990లో ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ హిమానీనదాల నుంచి మిల్‌ఫర్డ్ దాకా 26 లక్షల హెక్టార్ల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పడమటి తీరంలో ప్రభుత్వ అడవుల్లో దేశీయ చెట్ల నరికివేత 2002లో ఆగింది. బతుకుతెరువు పోయిందని స్థానికులు గట్టిగానే వ్యతిరేకించారు. ప్రభుత్వం ఆ ప్రాంతానికి 12 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అక్కడ క్యాంపు స్థలానికి కట్టే రుసుము, చిన్న దుకాణంలో కొనే రొట్టె ఆ మార్పులో భాగమేనని గుర్తుంటే, ‘ఈ పల్లెటూళ్లో ఇంత రేటా’ అన్న విసుగు కొంత తగ్గుతుంది.

ఒక ట్యాంకు, ఇరవై వుజూలు

ఇక బండి లోపలికి వద్దాం. నలుగురు పెద్దవాళ్లు, రోజుకు ఐదు పూటల నమాజ్. ప్రతి పూటా కొత్తగా చేసుకుంటే ఇరవై వుజూలు. ఇంట్లో అలవాటు ప్రకారం కుళాయి తిప్పి వదిలేసి చేసుకుంటే ఒక్కో వుజూకు నాలుగైదు లీటర్లు ఇట్టే పోతాయి. అంటే ఒక్క రోజులో ట్యాంకంతా వుజూకే ఖాళీ. వంటకు, తాగడానికి చుక్క మిగలదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ద్ నీళ్లతో వుజూ, ఒక సా నుంచి ఐదు ముద్ద్‌ల నీళ్లతో గుసుల్ చేసేవారని సహీ హదీసుల్లో ఉంది. నాలుగు ముద్ద్‌లు ఒక సా. ముద్ద్ అంటే రెండు అరచేతులు కలిపి పట్టిన ఒక దోసిలికి వచ్చేంత, ఈనాటి కొలతలో ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూ. హనఫీ లెక్కలో ఇంకొంచెం ఎక్కువ. ఆ కొలతతో ఇరవై వుజూలకు పట్టేది 15 లీటర్లే. ఇంట్లో పెద్దలు చెప్పగా విని ఊరుకున్న సున్నత్ ఈ బండిలో రోజువారీ అవసరమై కూర్చుంటుంది. కుళాయి దగ్గర కాకుండా ముప్పావు లీటరు సీసా లేదా చిన్న చెంబు ఒకటి పెట్టుకుని, ఒకరు పోస్తుంటే ఒకరు చేసుకోవడం సులువు. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఎవరు తక్కువ నీళ్లతో పూర్తిగా చేశారో చూసుకుంటారు.

చలి కూడా ఉంటుంది కాబట్టి మరో వెసులుబాటు గుర్తుంచుకోవాలి. వుజూ చేసుకుని తోలు మేజోళ్లు (ఖుఫ్ఫైన్) తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు వాటి మీద మసహ్ చేసుకోవచ్చు. మామూలు నూలు సాక్సుల మీద చెల్లుతుందా అన్నదానిపై అభిప్రాయ భేదాలున్నాయి, హనఫీ ఉలమా ఒప్పుకోరు. తడి కాళ్లతో చల్లని బండిలో తిరగాల్సిన దాదీ, నానీలకు ఈ మేజోళ్లు కొనివ్వడం మంచి ఖర్చు. తయమ్ముమ్ గురించి కొందరు అడుగుతారు. చుట్టూ ఇన్ని నీళ్లున్న చోట, ఆరోగ్య కారణం ఉంటే తప్ప దానికి వీలుండదు.

వాగులో వుజూ చేసుకోవచ్చు, నిక్షేపంగా. సబ్బు మాత్రం వాగులో కలవకూడదు. పుక్కిలించిన నీళ్లు మింగకూడదు కూడా, ఎందుకంటే ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్లలో జియార్డియా అనే కడుపు జబ్బు క్రిమి ఉండొచ్చు. తాగాలంటే మరిగించాల్సిందే. ఇంకొకటి, దక్షిణ దీవి నదుల్లో 2004లో డిడిమో అనే నాచు బయటపడింది. తడి బూట్లు, చెంబు, బకెట్ల మీద ఒక వాగు నుంచి ఇంకో వాగుకు అది అంటుకుపోతుంది. అందుకే ఒక చోట నీళ్లలో దిగిన వస్తువులను కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే మరో చోట నీళ్లలో పెట్టాలన్నది అక్కడి నియమం.

లోపలికి పోసిన నీళ్లు ఎటో పోవాలి కదా. సింకు నీళ్లు బండి కింద మరో ట్యాంకులో చేరతాయి. టాయిలెట్‌ది వేరే డబ్బా, 20 లీటర్లకు మించదు. ఇక్కడే మన కుటుంబాలకు అసలు చిక్కు. బండి తయారుచేసినవాళ్లు కాగితం వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేశారు. మనం లోటాతో నీళ్లు వాడతాం. నలుగురు వాడితే ఆ డబ్బా ఒకటిన్నర రోజుకే నిండిపోవచ్చు. ముందు కాగితం, తర్వాత కొద్దిపాటి నీళ్లు అన్న పద్ధతి పెట్టుకుంటే ఇంకో రోజు వస్తుంది. వీలైనప్పుడల్లా దారిలోని ప్రజా మరుగుదొడ్లు వాడుకోవడం ఇంకా మేలు, అవి చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. చేతిలో ఒక సీసా ఉంటే సరి.

నిండిన డబ్బాలను ‘డంప్ స్టేషన్’ అనే చోటే ఖాళీ చేయాలి. ఊళ్లలో పెట్రోలు బంకుల దగ్గర, హాలిడే పార్కుల్లో ఇవి ఉంటాయి. రోడ్డు పక్కన, పొదల్లో పారబోస్తే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది. 2023లో వచ్చిన చట్టం ప్రకారం, టాయిలెట్ స్థిరంగా బిగించి ఉండి, మూడు రోజులకు సరిపడా నీళ్లు, మురుగు ట్యాంకు ఉన్న బండికే ఉచిత స్థలాల్లో సాధారణంగా రాత్రి ఆగే అనుమతి. అలాంటి బండికి పచ్చ రంగు వారంట్ కార్డు అంటిస్తారు. మనిషికి రోజుకు 4 లీటర్లు, ఇదీ ఆ నిబంధన లెక్కగట్టే కనీస నీరు. బండి అద్దెకు తీసుకునేటప్పుడు ఆ కార్డు ఉందో లేదో చూడాలి. లేకపోతే రుసుము కట్టే హాలిడే పార్కులో, లేదా అక్కడి పరిరక్షణ శాఖ క్యాంపు స్థలంలో ఆగాలి. పారింగా సరస్సు దగ్గర, హాస్ట్ దారిలో ప్లెజెంట్ ఫ్లాట్ దగ్గర, మిల్‌ఫర్డ్ దారిలో కాస్కేడ్ క్రీక్ దగ్గర ఆ శాఖ స్థలాలున్నాయి. పెద్ద సౌకర్యాలేమీ ఉండవు, మరుగుదొడ్డి, చదును నేల, చుట్టూ అడవి.

రెండు మూడు రోజులకొకసారి కరెంటు, వేణ్ణీళ్లు, బట్టల మిషను ఉన్న హాలిడే పార్కులో దిగడం తెలివైన పని. గుసుల్, బట్టలు, డంప్ స్టేషన్, నీళ్లు నింపుకోవడం అన్నీ అక్కడే అయిపోతాయి. తడి బట్టలు బండిలో ఆరవు, అది మాత్రం ఖాయం. నలుగురి ఊపిరి, అన్నం ఉడికిన ఆవిరి కలిసి పొద్దునకల్లా అద్దాల మీంచి నీళ్లు కారతాయి. చలిగా ఉందని కిటికీలన్నీ మూసేసి గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చదనం తెచ్చుకోవాలని చూడటం ప్రాణాంతకం. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే చంపేస్తుంది. వండేటప్పుడు కిటికీ తెరవాలి, పడుకునే ముందు పొయ్యి ఆర్పాలి, ఒక సందు తెరిచే ఉంచాలి. వాన లోపలికి జల్లు కొట్టినా సరే.

ఖిబ్లా ఎటు?

మ్యాపు చూస్తే మక్కా న్యూజిలాండ్‌కు వాయవ్యంగా కనిపిస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దగ్గరి దారి అలా పోదు. క్రైస్ట్‌చర్చ్ నుంచి ఖిబ్లా పడమరకు సుమారు 14 డిగ్రీలు దక్షిణంగా, మిల్‌ఫర్డ్ దగ్గర 11 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. చేతి దిక్సూచి వాడేవాళ్లు మరో విషయం గమనించాలి. అక్కడ సూది అసలు ఉత్తరం కంటే 20 డిగ్రీలకు పైగా తూర్పుకు తిరిగి నిలుస్తుంది. ఆ తేడా తీసేయకపోతే నమాజ్ దిశ అంత మేరా తప్పుతుంది. బండి ఇనుము వల్ల లోపల సూది ఇంకా గాడి తప్పుతుంది, కాబట్టి దిగి నాలుగడుగులు దూరం వెళ్లి చూడాలి. మధ్యాహ్నం సూర్యుడు మనకులా దక్షిణాన కాదు, ఉత్తరాన ఉంటాడు. నీడ చూసి దిక్కు పట్టే అలవాటున్న పెద్దలు ఇక్కడ తికమకపడతారు.

వేళలు కూడా మారిపోతాయి. డిసెంబర్‌లో తె అనౌ ఊళ్లో మగ్రిబ్ రాత్రి తొమ్మిదిన్నర దగ్గర, జూన్‌లో సాయంత్రం ఐదింటికి. జూన్‌లో తెల్లారేది ఎనిమిదిన్నరకు. ఇంటి నుంచి సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణానికి హనఫీ ఫిఖ్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది, ఒకే చోట 15 రోజులు ఉండే సంకల్పం లేనంత వరకు. రెండు నమాజ్‌లను కలిపి చదవడం షాఫయీ తదితరుల దగ్గర ఉంది, హనఫీల దగ్గర లేదు. ఏ మార్గం పాటించాలో ఇంట్లోనే పెద్దలతో, ఇమామ్ సాబ్‌తో అనుకుని బయల్దేరితే బండిలో వాదనలుండవు.

పడమటి తీరం వెంబడి జుమా దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకపోవడం మంచిది. జనం తక్కువ, ఊళ్లు చిన్నవి. గురువారం క్రైస్ట్‌చర్చ్ చేరి, శుక్రవారం జుమా చదివి బయల్దేరేవాళ్లు డీన్స్ అవెన్యూలోని మస్జిద్ అన్నూర్‌కు వెళ్లొచ్చు. 2019 మార్చి 15న జుమా వేళ ఆ మసీదులోనూ, లిన్‌వుడ్ మసీదులోనూ జరిగిన కాల్పుల్లో 51 మంది షహీద్ అయ్యారు. వారిలో హైదరాబాద్, కరీంనగర్ బిడ్డలు కూడా ఉన్నారు. అక్కడ రెండు రకాతులు చదివి వాళ్ల కోసం దువా చేసి కొండల దారి పట్టడం మన ప్రాంతం వాళ్లకు ఎంతో సహజం.

మాంసం, ఊరగాయ, చేపలు

న్యూజిలాండ్ నుంచి ఎగుమతయ్యే గొర్రె మాంసంలో పెద్ద భాగం హలాల్ పద్ధతిలోనే కోసింది. అయినా అక్కడి సూపర్‌మార్కెట్‌లో కనిపించే ప్రతి ప్యాకెట్ హలాలే అనుకోకూడదు, ముద్ర చూడాలి. అక్కడి చట్టం ప్రకారం కోసే ముందు జంతువుకు స్పృహ తప్పించాలి. హలాల్ కోతలో జంతువు మళ్లీ తేరుకోగలిగేంత తేలికపాటి షాక్ మాత్రమే వాడతారు. దీన్ని చాలా సంస్థలు అంగీకరించాయి, కొందరు ఉలమా అంగీకరించరు. క్రైస్ట్‌చర్చ్‌లో హలాల్ దుకాణాలున్నాయి. నాలుగైదు రోజులకు సరిపడా గడ్డకట్టించిన మాంసం అక్కడే కొనుక్కోవాలి. హోకిటికా దాటాక వనాకా దాకా పెద్ద దుకాణం ఉండదు.

దారిలో చేపల దుకాణాలు బాగుంటాయి. ఒక్క ప్రశ్న అడగాలి: ఏ నూనెలో వేయిస్తున్నారు? ఆ దేశంలో చాలా చోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు.

ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవాళ్లు సూట్‌కేసు సర్దేటప్పుడే జాగ్రత్తపడాలి. తేనె పూర్తిగా నిషేధం. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాల జోలికి పోవద్దు. తినే వస్తువు ఏది ఉన్నా విమానాశ్రయంలో ఫారం మీద రాయాలి. రాసిచ్చాక వాళ్లు తీసేసుకుంటే పోయేది వస్తువే. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. బూట్లకు మట్టి ఉన్నా చెప్పాలి. పాములే లేని ఆ దేశంలో బయటి నుంచి వచ్చిన జీవులు చేసిన నష్టం చిన్నది కాదు. బొచ్చు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన పోసమ్‌లు ఇప్పటికీ ఈ అడవి ఆకులు తినేస్తున్నాయి.

దారి వాన చెప్పినట్టు నడుస్తుంది

రోడ్డుకు ఎడమవైపే నడపాలి, అది మనకు అలవాటే. బండి కదులుతున్నంతసేపు అందరూ సీటు బెల్టుతో కూర్చోవాల్సిందే. ‘దాదీకి నడుం నొప్పి, వెనక పడక మీద కాసేపు వాలనిద్దాం’ అంటే కుదరదు. ఏడేళ్ల లోపు పిల్లలకు పిల్లల సీటు తప్పనిసరి. దారిలో ఒక్క బండికే చోటున్న వంతెనలు చాలా వస్తాయి. బోర్డు మీద మీ వైపు బాణం ఎర్రగా ఉంటే మీరే ఆగి దారివ్వాలి. హాస్ట్ నది మీది ఇలాంటి వంతెన 700 మీటర్లకు పైగా పొడవు, మధ్యలో పక్కకు తప్పుకునే చోట్లు ఉంటాయి. ఆ తీరం వెంట రోడ్డు పూర్తిగా కలిసింది 1965లో మాత్రమే. ఆ కొండల్లో రోడ్డు వేయడం, నిలబెట్టడం ఎంత కష్టమో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు.

2019 మార్చిలో ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వాయిహో నది మీది వంతెన వరదకు కొట్టుకుపోయి, తీరమంతటికీ ఉన్న ఒక్క దారి కొన్ని వారాలు తెగిపోయింది. 2020 ఫిబ్రవరిలో మిల్‌ఫర్డ్ రోడ్డు పలుచోట్ల కోసుకుపోతే వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయి హెలికాప్టర్లలో బయటపడ్డారు. ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలని చెప్పడానికి. అలాగే నది ఒడ్డున, ఎండిన ఇసుక మేటల మీద రాత్రి బండి నిలపకూడదు. మీ నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో పడిన వాన గంటల్లో కిందికి దిగుతుంది.

తె అనౌ నుంచి మిల్‌ఫర్డ్ దాకా సుమారు 120 కిలోమీటర్ల దారిలో ఎక్కువ భాగం ఫోను సిగ్నల్ ఉండదు. పెట్రోలు, డీజిలు తె అనౌలోనే నింపుకోవాలి. మధ్యలో హోమర్ సొరంగం వస్తుంది. 1935లో ఐదుగురు కూలీలు గునపాలు, తోపుడుబండ్లతో తవ్వడం మొదలుపెట్టిన ఈ 1.2 కిలోమీటర్ల సొరంగం 1954కి గానీ తెరుచుకోలేదు. పనిచేస్తూ మంచుచరియల కింద పడి చనిపోయినవాళ్లున్నారు. మే నుంచి నవంబర్ దాకా ఆ దారిలో మంచుచరియల ప్రమాదం ఉంటుంది, చక్రాలకు వేసే గొలుసులు బండిలో ఉండాలి. ‘ఇక్కడ ఆపకూడదు’ అన్న బోర్డులున్న చోట ఫొటో కోసం కూడా ఆపకూడదు. సొరంగం దగ్గర కియా అనే కొండ చిలుకలు బండి మీద వాలి రబ్బరు పట్టీలు పీకేస్తాయి. ముద్దొచ్చినా తిండి పెట్టొద్దు, అది వాటికే చేటు. పడమటి తీరమంతా సాండ్‌ఫ్లై అనే చిన్న నల్ల ఈగలు కుడతాయి. అవి కుట్టిన చోట దురద రోజుల తరబడి వదలదు. పూర్తి చేతుల బట్టలు, సాక్సులు వేసుకునేవాళ్లకు బాధ తక్కువ, ఆ విషయంలో మన ఆడవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నట్టు.

మిల్‌ఫర్డ్‌లో కొండలు గట్టి రాయి, మట్టి పొర పలచన. చెట్లు ఒకదాని వేళ్లను ఇంకొకటి పట్టుకుని నిలబడతాయి. గట్టి వానకు ఒకటి జారితే పక్కవన్నీ కలిసి జారి, కొండ మీద గీత గీసినట్టు బోడి రాయి బయటపడుతుంది. మళ్లీ నాచుతో మొదలై అక్కడ అడవి రావడానికి తరాలు పడుతుంది. వాన రోజున పడవ ఎక్కాల్సి వచ్చిందని బాధపడేవాళ్లు ఉంటారు. నిజానికి ఎండ రోజున కనిపించే జలపాతాలు కొన్నే. గట్టి వాన పడుతుంటే ఆ రాతి గోడల మీంచి వందల ధారలు ఒకేసారి దిగుతాయి, వాన ఆగిన కొద్ది గంటల్లో చాలావరకు మాయమవుతాయి. కాబట్టి ఆ ఉదయం రోడ్డు తెరిచే ఉందని అధికారులు చెబితే, వాన పడుతోందని పడవ టికెట్టు రద్దు చేసుకోవద్దు. రోడ్డు మూసేశారంటే మాత్రం తె అనౌలోనే ఆగి, ట్యాంకు నింపుకుని, డబ్బాలు ఖాళీ చేసుకుని మర్నాటి కోసం చూడాలి.